కళ్ళు మూసుకుని పడుకున్న పద్నాలుగు రాత్రులు

డాక్టరమ్మ నోటు పుస్తకం చివరి దాకా తిప్పి, "రోజూ ఆరు గంటలు బాగానే పడుకుంటున్నారు కదమ్మా! మందు దేనికి?" అంది.

ఆ పుస్తకం రాసింది పక్కనే కూర్చున్న మా అమ్మాయి. రెండు వారాల పాటు నేను ఎప్పుడు పడుకున్నానో, ఎప్పుడు మెలకువగా ఉన్నానో డాక్టరమ్మ రాసుకు రమ్మంటే, గుమ్మంలోంచి తొంగి చూసి తనే రాసింది. అది తొంగి చూసినప్పుడల్లా నేను కళ్ళు మూసుకున్నాను.

మోసం చేద్దామని కాదు. తొమ్మిదేళ్ళుగా నాకు సరైన నిద్ర లేదు. పక్క మీద వాలగానే మోకాళ్ళ కింద, ఎముకల లోపల సోడా పొంగినట్టు ఉంటుంది. కునుకు పట్టబోతే మెట్టు తప్పినట్టు ఒళ్ళంతా ఉలిక్కిపడుతుంది. పోయినేడు ఒక్కసారి ఈ మాట పిల్లతో అన్నాను. తెల్లవార్లూ నా కాళ్ళు పిసుకుతూ కూర్చుని, మర్నాడు పరీక్ష హాల్లో జవాబు కాగితం మీదే తల పెట్టి నిద్రపోయింది. ఆ సబ్జెక్టు పోయింది. అప్పటినుంచీ దాని అడుగుల చప్పుడు వింటే చాలు, గురక కూడా పెట్టేస్తున్నాను.

నేను పనిచేసేది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పెద్ద షాపులో. పోయిన నెల ఇస్త్రీ పెట్టె చేతిలో ఉండగానే నిలబడి తూగాను. చొక్కా కాలింది. పక్క బల్ల మీద బట్టలు మడతపెట్టే మడతలక్క, "నిలబడి నిద్రపోయే గుర్రాల్ని చూశాను గానీ, ఇస్త్రీ చేసే గుర్రాన్ని ఇప్పుడే చూస్తున్నానే!" అంది. అందరూ నవ్వారు. మేస్త్రీ మాత్రం నవ్వలేదు. వైద్యం మొదలుపెట్టినట్టు డాక్టరు కాగితం తెస్తేనే పనిలోకి రమ్మన్నాడు.

ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ కాగితం రాదు. ఎలాగో పనిలోకి వెళ్ళినా మళ్ళీ తూగుతాను, చెయ్యి కాలుతుంది, షాపు అంటుకుంటుంది, మడతలక్క లోపలే ఉండిపోతుంది. నోరు విప్పితే పిల్ల మళ్ళీ నా కాళ్ళ దగ్గర కూర్చుంటుంది. పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

"ఆ రాసిందంతా తప్పమ్మా," అన్నాను. "కాళ్ళ బాధతో నేను నిద్రపోలేదు. నటించాను."

మా అమ్మాయి నావైపు తిరిగింది. "గురక కూడానా?"

"గురక కూడా."

దాని ముఖం ఎర్రబడింది. డాక్టరమ్మ కలం కింద పెట్టి, "కాళ్ళ బాధ నడిస్తే తగ్గుతుందా?" అని అడిగింది.

తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "వంటింట్లో అటూ ఇటూ తిరిగితే పోతుంది. వాలితే మళ్ళీ మొదలు."

"ఒంట్లో ఇనుము తక్కువైనా ఇలా రావచ్చు. ముందు రక్తం చూద్దాం."

"పక్షవాతమా అమ్మా?"

"కాదు."

"క్యాన్సరా?"

"అలా అనిపించడం లేదమ్మా."

"అంత గబుక్కున అంటే నాకు ఇంకా భయంగా ఉంది."

ఆమె నవ్వి మేస్త్రీకి కాగితం రాసిచ్చింది. బాధ తగ్గేదాకా వేడి పెట్టె ముట్టుకోకూడదని, మడత పని ఇమ్మని.

వసారాలోకి రాగానే పిల్ల మొదలుపెట్టింది. "పద్నాలుగు రోజులు నన్ను పిచ్చిదాన్ని చేశావు."

"చేశాను. నువ్వు పరీక్షలో పడుకున్నావు కాబట్టి చేశాను."

"ఇంకెప్పుడైనా చేశావో..."

"చెయ్యను. ఇవాల్టినుంచి నేనే రాస్తాను, ఉన్నదున్నట్టు. నువ్వు తలుపేసుకుని పడుకోవాలి. నువ్వు తొంగి చూస్తే నేను రాయను."

"బేరమా?"

"బేరమే."

"నువ్వు పడిపోతే?"

"పడితే కేకేస్తాను. నా గొంతు నీకు తెలీదా!"

నవ్వు ఆపుకుంటూ సరేనంది.

రక్తం తీసే గదిలో సూది చూడగానే ముఖం పక్కకి తిప్పుకున్నాను. ఆ సీసాలో ఏం బయటపడుతుందో! ఏది పడితే అది పడనీ. చెయ్యి ముందుకు చాపి, "తియ్యండి" అన్నాను.