గెలుపు కన్నా ముందొచ్చిన నిచ్చెన

నేను ఒక నిచ్చెనను. అల్యూమినియం దాన్ని, మడత నిచ్చెనను. నా కథ మొదలుపెట్టే ముందు మా తమ్ముడి సంగతి చెప్పెయ్యాలి, లేకపోతే నాకు మనసున పట్టదు. మా తమ్ముడంటే స్టూలు. నన్ను చేశాక మిగిలిన ముక్కలతో వాణ్ణి చేశారు. ఎత్తు రెండడుగులు, గొప్పలు ఇరవై అడుగులు. ఇంట్లో ఏది అందకపోయినా ముందు వాణ్ణే లాక్కొస్తారు. వాడి మీదెక్కి, మునివేళ్ళ మీద నిలబడి, అయినా అందక, పక్కనున్నవాళ్ళని విసుక్కుని, అప్పుడు నన్ను పిలుస్తారు. పని చేసేది నేను. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టే మర్యాద మాత్రం వాడిది. నా మీద ఎవరూ కూర్చోరు. తడి తువ్వాళ్ళు ఆరేస్తారు.

మేమిద్దరం కాకినాడలో మెయిన్ రోడ్డు పక్క సందులో, గేట్లూ కిటికీలూ చేసే ఒక షెడ్డులో పుట్టాం. మమ్మల్ని కొన్నది గ్రంధి కామరాజు గారు. ఆయనకి రంగుల కొట్టు ఉంది. ఊళ్ళో సగం గోడల రంగు ఆయన సలహాయే. మంచి మనిషి, చెయ్యి పెద్దది, మాట మెత్తన. ఒక్క అలవాటే లేదు ఆయనకి, తప్పు నాది అనడం. ఒకసారి ఆయన స్వయంగా నన్నెక్కి, ఉప్పు జాడీని అటక అంచు మీద పెట్టి దిగారు. దిగేలోపే అది ఆయన కన్నా ముందు దిగింది. ఆయన జాడీ ముక్కల్ని పరిశీలించి, ఈ అటక వాలుగా కట్టారు, మేస్త్రీకి బుద్ధి లేదు అని తేల్చారు. భార్య సుభద్ర గారు "అవునండీ" అన్నారు. ఆవిడ బి.ఏ. చదివారు. ఆవిడ అవునండీ అనే తీరులో మూడు రకాలున్నాయి. మూడింటికీ అర్థం "కాదు" అనే.

వాళ్ళకి ఒక్కతే కూతురు, హైమవతి. ఆ పిల్ల వల్లే నా ఉద్యోగం పోయింది. చిన్నప్పుడు నా పై మెట్టు దాకా ఎక్కితే గానీ అటక అందేది కాదు. తర్వాత సగం మెట్లు చాలాయి. ఆ తర్వాత ఊరికే కింది మెట్టు మీద కాలు ఆనించేది, నన్ను చిన్నబుచ్చడం ఇష్టం లేనట్టు. ఒక వేసవిలో ఆవకాయ జాడీ కావాల్సొచ్చింది. ఆ పిల్ల నేల మీద నిలబడే చెయ్యి చాపి దింపేసింది. సుభద్ర గారు కూతురి వంక చూశారు, నా వంక చూశారు, ఇహ ఇది చోటు దండగ అన్నారు. పిల్ల ఎదగడం చూసి తల్లిదండ్రులు మురిసిపోతారని విన్నాను. ఆ ఎదుగుదల వల్ల రోడ్డున పడ్డవాళ్ళ గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

నన్ను హైమ బాస్కెట్‌బాల్ నేర్చుకుంటున్న ఇండోర్ స్టేడియానికి ఇచ్చేశారు. మనవాళ్ళు గుడికి ట్యూబులైటు ఇచ్చినా, దాని వెలుగు పడకపోయినా పర్లేదు గానీ దాత పేరు పడాలి కదా. కామరాజు గారు కొట్లోంచి ఎర్ర ఎనామిల్ తెచ్చి, నా పక్క బద్దీల మీద రెండువైపులా "దాత: గ్రంధి కామరాజు, రంగుల వ్యాపారి" అని రాయించారు. అక్షరాలు ఎంత పెద్దవంటే చోటు చాలక చివరి "వ్యాపారి" మెట్ల వెనక్కి తిరిగింది.

స్టేడియంలో నా బతుకు బాగానే గడిచింది. బ్యానర్లు కట్టడం, బల్బులు మార్చడం, పావురాల గూళ్ళు తీయడం. హైమ మాత్రం జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది, దేశం జట్టులో చేరి, చివరికి కెప్టెన్ అయ్యింది. ఆ జట్టు గురించి చెప్పాలి. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాల ఆడపిల్లలకి ఒక కప్పు ఉంది. అందులో మనవాళ్ళు ఓటమిని అవతలివాళ్ళ మొహాల మీద తప్ప ఎక్కడా చూసి ఎరగరు. ఆట సగమయ్యేసరికి అవతలి కోచ్ స్కోరు బోర్డు చూడ్డం మానేసి రాత్రి భోజనం గురించి ఆలోచించేవాడట. గెలిచాక ఒక ఆనవాయితీ ఉంది. నిచ్చెన వేసుకుని రింగుకున్న నెట్టుని కత్తెరతో కోస్తారు. ఒక్కొక్కళ్ళూ ఒక్కో పోగు, ఆఖర్న కెప్టెన్ మిగతా నెట్టంతా. అలా హైమ ఇంటికి తెచ్చిన నెట్లలో ఒకదాంట్లో సుభద్ర గారు ఉల్లిపాయలు వేలాడదీశారు, ఇంకోదాంట్లో బూడిద గుమ్మడికాయ. అంతర్జాతీయ కీర్తికి గాలి బాగా ఆడుతుంది అనేవారట.

పోయిన ఏడు ఆ కప్పు మా ఊళ్ళోనే పెట్టారు. హైమకి మోకాళ్ళు అరిగాయి. ఇదే నా ఆఖరి ఆట అని ముందే చెప్పేసింది. విదేశాల్లో ఎన్ని గెలిచినా కన్నతల్లి కళ్ళెదుట ఒక్క ఫైనలూ ఆడలేదు. ఊరంతా చూస్తుండగా గెలిచి ఆట మానెయ్యాలి, అంతే ఆమెకి కావలసింది.

ఫైనల్లో అవతలిది శ్రీలంక జట్టు. వాళ్ళ కెప్టెన్ నిలూషి. హైమ భుజం దాకా కూడా రాదు గానీ, కాళ్ళలో మోటారు ఉన్నట్టు పరిగెడుతుంది. సగం ఆటయ్యేసరికి మనవాళ్ళు ఇరవై రెండు పాయింట్లు ముందున్నారు. విరామంలో కామరాజు గారు నేనున్న స్టోరు గదికి వచ్చారు. వెంట టోర్నమెంటు కార్యదర్శి త్రినాథరావు గారు. నెట్టు కోసేది మన నిచ్చెన మీదే కదండీ అని ఈయన, అవునండి అని ఆయన. అప్పుడు టీవీవాళ్ళు హడావుడిలో ఉంటారు, మంచి కోణం దొరకదు, ఇప్పుడే పెట్టేస్తే కెమెరాకి అక్షరాలు తిన్నగా పడతాయని ఈయన లెక్క. గెలుపు ఎలాగూ మనదే, ఎప్పుడు పెడితే ఏముందని ఆయన లెక్క. ఇద్దరూ కలిసి నన్ను మోసుకొచ్చి, రింగు స్తంభం పక్కన, గీతకి బయట నిలబెట్టారు. కామరాజు గారు రుమాలు తీసి తన పేరు మీద దుమ్ము తుడిచారు.

హైమ నీళ్ళ సీసా పట్టుకుని పరుగున వచ్చింది.

"నాన్నా, దీన్ని లోపల పెట్టించు. ఇంకా సగం ఆట ఉంది."

"ఉంటే ఏంటమ్మా? మీరు ఓడిపోయిందెప్పుడు?"

"వాళ్ళు చూస్తున్నారు నాన్నా."

"చూడనీ. అల్యూమినియం చూసి జడుసుకుంటారా ఏంటి?"

వాళ్ళు జడుసుకోలేదు. అదే వచ్చిన చిక్కు. నిలూషి నా దగ్గరకొచ్చింది. నన్నెందుకు పెట్టారో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పక్కర్లేదు, ఏళ్ళ తరబడి మనవాళ్ళు ఎక్కడం కింద నిలబడి చూసింది. నా కింది మెట్టు మీద అరచేత్తో మెల్లగా రెండుసార్లు తట్టి, తన జట్టుని పిలిచి నన్ను చూపించింది. ఇంతలో ఈల ఊదారు, నన్ను తీసే సమయం లేకపోయింది.

ఆ తర్వాత శ్రీలంక పిల్లలు ఆడిన ఆట ఇంతకుముందు ఎక్కడా ఆడి ఉండరు. బంతి మన చేతికి వస్తే చాలు ఇద్దరేసి మీద పడేవారు. ఇటు మనవాళ్ళకి నేను ఇంకో రకంగా చేటు చేశాను. కుర్రపిల్లలిద్దరు బెంచీ మీద కూర్చుని, ఎవరు ఏ మెట్టు మీద నిలబడితే ఫొటో బాగుంటుందో మాట్లాడుకుంటూ జడలు సర్దుకుంటున్నారు. ఆడుతున్నవాళ్ళ కళ్ళు కూడా మధ్య మధ్య నా వైపు తిరిగేవి. నేను ముడుచుకుపోదామనుకున్నాను. మడత నిచ్చెననే గానీ, ఎవరైనా మడిస్తే గదా. ఇరవై రెండు పది అయ్యింది, పది మూడయ్యింది. హైమ మోకాళ్ళకి పట్టీలు బిగించుకుని ఒంటిచేత్తో జట్టుని లాక్కొచ్చింది. కామరాజు గారు మొదట గ్యాలరీలో నిలబడి అరిచారు, తర్వాత కూర్చున్నారు, తర్వాత రిఫరీకి చూపు ఆనదన్నారు, తర్వాత నేల నున్నగా లేదన్నారు, తర్వాత ఏమీ అనలేదు.

ఆఖరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి హైమ చేతిలోకొచ్చింది. ఎగిరి వేసింది. అది రింగు మీద తిరిగింది, ఇంకోసారి తిరిగింది, పెళ్ళివారింటి ముందు ఆగి లోపలికి రావాలా వద్దా అనుకునే దూరపు చుట్టంలా తటపటాయించి, బయటికే పడింది.

స్టేడియంలో ఫ్యాన్ల చప్పుడు వినపడింది. అప్పుడు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. చూస్తే సుభద్ర గారు. కూతురికో, శ్రీలంక పిల్లలకో ఆవిడ చెప్పలేదు. ఊరు కూడా అడక్కుండా కలిసింది.

శ్రీలంక పిల్లలు ఏడుస్తూ నవ్వుతూ రింగు కింద గుమిగూడారు. త్రినాథరావు గారికి హఠాత్తుగా ఫోనొచ్చి బయటికెళ్ళిపోయారు. నన్ను తెచ్చి ఇచ్చేవాళ్ళెవరూ లేరు. హైమే కుంటుకుంటూ వచ్చి, నన్ను మడిచి ఎత్తి రింగు కిందకి తీసుకెళ్ళి, విప్పి నిలబెట్టి, ఒక పక్క పట్టుకుంది. కత్తెర నిలూషి చేతికిచ్చింది. హైమ మొహం మాత్రం నేను చూడలేకపోయాను.

సుభద్ర గారు భర్తని మోచేత్తో పొడిచారు.

"వెళ్ళండి. మీ పేరున్న నిచ్చెన, రెండో పక్క మీరు పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు?"

ఆయన వచ్చి పట్టుకున్నారు. ఆవిడ కూడా వెనకే వచ్చి నిలబడ్డారు. టీవీ కెమెరా దగ్గరకొచ్చింది. ఎర్ర అక్షరాలు, వాటి మీద శ్రీలంక కెప్టెన్ పాదాలు, ఆయన కోరుకున్న కోణంలోనే, ఎంతో చక్కగా పడ్డాయి. నిలూషి నా పై మెట్టు మీంచి వంగి ఆ రాతలేమిటని ఇంగ్లీషులో అడిగింది. మా నాన్న పేరు అని హైమ చెప్పింది. ఆ పిల్ల ఆయన వంక చూసి చేతులు జోడించి, చాలా మర్యాదగా ఏదో అంది.

"ఏవంటోందమ్మా?" అన్నారు కామరాజు గారు.

హైమ ఒక్క క్షణం ఆగి, "నిచ్చెన గట్టిగా ఉందంటోంది నాన్నా" అంది.

"అలా అన్లేదండీ" అన్నారు సుభద్ర గారు. "సగం ఆటలో మీ నిచ్చెన చూడకపోతే మేం ఇలా ఆడేవాళ్ళం కాదు, మీ మేలు మర్చిపోం అంటోంది."

కామరాజు గారు నోరు తెరిచారు. రిఫరీ ఇంకా అక్కడే ఉన్నాడు. నేల కూడా ఉంది. త్రినాథరావు గారి మీదకి తోసెయ్యడం అన్నిటికన్నా తేలిక, మనిషి ఎదురుగా కూడా లేడు. ఆయన ఆ మూడు వైపులా చూశారు. తర్వాత నన్ను పట్టుకుని నిలబడ్డ కూతురి మోకాళ్ళ పట్టీలు చూశారు. పట్టీ అంచుల కింద వాపు తేలి కనపడుతోంది. నా బద్దీ మీద ఆయన చెయ్యి బిగిసి, మెల్లగా వదులయ్యింది.

"తప్పు నాదేనమ్మా హైమా" అన్నారు.

"ఏవన్నారూ?" అన్నారు సుభద్ర గారు, నిజంగానే వినపడనట్టు.

ఆయన తలెత్తి, గ్యాలరీలో ఆఖరి వరసకి కూడా అందేలా చెప్పారు. పైన కత్తెర చప్పుడు ఆగింది.

"ఆట అవ్వకుండా నిచ్చెన తెచ్చి పెట్టింది నేనేనండీ. పిల్ల వద్దని చెప్పినా విన్లేదు. తప్పు నాదే."