మెప్పు కాని మాట

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో మేనేజరు బావమరిదికి ఇంగ్లీషు మాస్టరు ఉద్యోగం దొరికింది. దొరికిందనడం మర్యాద. బావగారు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. రోజూ భోజనాలయ్యాక అరగంట సేపు అతను కుట్టుపనివాళ్లకు ఇంగ్లీషు పలుకుబడులు చెప్పేవాడు. చాటున అందరూ అతన్ని డిక్షనరీ అనేవారు. చెకింగక్క మాత్రం అలా కూడా అనేది కాదు. డిక్షనరీలో అర్థాలుంటాయి కదా అనేది.

కుట్టిన ప్రతి చొక్కానూ వెలుగులో పట్టి చూసి, తప్పుంటే ఎర్ర చీటీ అంటించడం ఆమె పని. పాత మేనేజరు పరదేశాల నుంచి వచ్చే ఫిర్యాదు ఉత్తరాలను ఆమె బల్ల దగ్గరే విప్పి, మాట మాటకూ అర్థం చెప్పేవాడు. అలా పదకొండేళ్లు విన్నది. అందుకే ‘అండర్ ద వెదర్’ అంటే ఆరుబయట నిలబడడమని డిక్షనరీ బోధిస్తుంటే పంటి బిగువున నవ్వు ఆపుకుని, “ఒంట్లో బాలేదని దానర్థం” అని పక్కావిడ చెవిలో చెప్పేది.

ఆ ఏడు మేనేజరు తొందరపెట్టి, కాలర్లకు రెండు కుట్లు వేయాల్సిన చోట ఒకటే వేయించాడు. చెకింగక్క అంటించిన చీటీలన్నీ పీకేసి సరుకు పంపేశాడు. కొన్నవాళ్ల నుంచి ఉత్తరం వచ్చింది. కాలర్ల దగ్గర ‘కార్నర్స్ కట్’ చేశారని గమనించామనీ, నెలాఖరుకు పంపే రెండో విడతను జాగ్రత్తగా చూస్తామనీ దాని సారాంశం.

డిక్షనరీ అందరి ముందూ చదివాడు. “కాలరు మూలలు ముచ్చటగా కత్తిరించామని మెచ్చుకుంటున్నారు బావా.”

“అది మెప్పు కాదు సార్,” అంది చెకింగక్క. “చేయాల్సిన పని ఎగ్గొట్టి, అయిందనిపించారని తిట్టడం.”

“సూదీ దారం సంగతి నువ్వు చూసుకోమ్మా. ఇంగ్లీషు నాకొదిలెయ్.”

మేనేజరు నవ్వాడు. మొహమాటానికి నలుగురూ నవ్వారు.

ఇక మీ ఖర్మ అనుకుందామె. డిక్షనరీ రాసిన జవాబు ఆమె బల్ల మీదుగానే వెళ్లింది. ఇకపై మరిన్ని కార్నర్స్ కట్ చేస్తామని అందులో సవినయంగా మాటిచ్చారు. రెండుసార్లు చదువుకుని, కాగితాలకు గుండుసూది సరిచేసి మరీ పంపింది.

నెలాఖరుకు పది రోజులుందనగా ఫోనొచ్చింది. అవతలి మనిషి ఏ పలుకుబడీ వాడలేదు. రెండు కుట్లు లేకపోతే సరుకు వద్దన్నాడు, గడువు మారదన్నాడు. డిక్షనరీ మధ్యాహ్నానికే జారుకున్నాడు.

“ఆ రోజే గట్టిగా చెప్పొచ్చుగా,” అన్నాడు మేనేజరు.

“చెప్పాను సార్. మీరు నవ్వారు.”

కానీ విప్పి కుట్టాల్సింది మేనేజరు కాదు. రెండో విడతలో అప్పటికే ఒంటి కుట్టు వేసిన నాలుగు వేల కాలర్లు, సెలవు లేని పది రోజులు. ఆడవాళ్ల వేలి కొసలు పగిలాయి. ఒక పూట పక్కావిడ అడిగింది.

“ఆ జవాబు నువ్వు ముందే చదివావటగా అక్కా. ఆపలేదేం?”

“వాళ్లకి బుద్ధి రానీ అనుకున్నా.”

“వచ్చిందా?”

అద్దాల గదిలో మేనేజరు టీ తాగుతూ ఆవలిస్తున్నాడు. పక్కావిడ తన ముందున్న కట్ట చెకింగక్క ఒళ్లోకి తోసి, “అయితే ఇవీ నువ్వే విప్పు,” అంది. ఆమె వాటినీ విప్పింది.

సరుకు గడువుకే వెళ్లింది. మర్నాడే డిక్షనరీ చంకలో కొత్త పుస్తకంతో, ఏమీ ఎరగనట్టు వచ్చాడు. అతను చెప్పిన ప్రతి తప్పుకూ చెకింగక్క లేచి నిలబడి, అందరికీ వినబడేలా అసలు అర్థం చెప్పింది. మూడో రోజు అతను పాఠం మధ్యలో పుస్తకం మూసి వెళ్లిపోయాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.