నాడీన్ వైపు పట్టీ

మా డార్ట్ కారుకు వెనక ఇరుసు మీద బండిని మోసే కమాను పట్టీలు మార్చాలని నిర్ణయించింది నేను కాదు, నా భార్య నాడీన్ వెన్నుపూస. రెండేళ్ల క్రితం దానికి ఆపరేషన్ అయింది. అంతకుముందు ముప్పైయేళ్లు, ఏ శనివారం కార్ల పందెం ఉన్నా నలభై మైళ్లు నా పక్క సీట్లో కూర్చుని వచ్చేది. పందెం మొదలయ్యే గీత మీద నేను బండి నిలబెడితే వెనక నిలబడి, టైర్లు నేలని ఎలా పట్టాయో చూసి చెప్పేది. ఆపరేషన్ తర్వాత ఒక్కసారే ఎక్కింది. మొదటి గతుక్కే "ఆపు వెర్లిన్" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

బండిని ట్రైలరెక్కించి, ఆవిణ్ణి మెత్తటి కారులో తీసుకెళ్లొచ్చు కదా అంటారు. మా ఇండియానా రాష్ట్రంలో ఈ పాత బళ్లవాళ్ల ముందు ఆ మాట అనండి చూద్దాం! నడుపుకుంటూ వెళ్లాలి, పందెం ఆడాలి, నడుపుకుంటూ ఇంటికి రావాలి. నాడీన్‌ది ఈ విషయంలో నాకంటే మొండిపట్టు. "డార్ట్‌లో వస్తే వస్తా, లేకపోతే రాను" అంది. రాలేదు. రెండేళ్లు నేను ఒంటరిగా వెళ్లి, మూతి ముడుచుకుని తిరిగొచ్చాను.

అక్టోబరులో ఆ ఏటికి ఆఖరి పందెం. దానికి ఆవిణ్ణి తీసుకెళ్లి తీరాలనుకుని ఓర్వల్ షాపుకు వెళ్లాను. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. ఊళ్లో రైతుల ట్రక్కులన్నిటికీ కమాన్లు కట్టేది ఆయనే.

"మెత్తటి కమాన్లు కట్టన్నా" అన్నాను.

"మెత్తటివా? నువ్వు కాలు నొక్కగానే పట్టీలు మెలితిరిగి ఇరుసు గంతులేస్తుందిరా. తెలిసే అడుగుతున్నావా, మతి పోయిందా?"

"పందెం మట్టికొట్టుకుపోనీ. నాడీన్ కూర్చోగలగాలి, అంతే."

ఓర్వల్ చేతిలో సుత్తి కింద పెట్టాడు. "అయితే ఆవిణ్ణి తీసుకుని కాటా దగ్గరికి రా. ఎక్కే మనుషుల్ని తూచకుండా నేను పట్టీ ముట్టుకోను."

"నాడీన్‌ని తూస్తావా? నన్ను బతకనిస్తుందా?"

"అది నీ ఖర్మ."

ధాన్యం గోదాము దగ్గర లారీల కాటా మీద డార్ట్‌ని నిలబెట్టాం. నాడీన్ నడుం కింద రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుంది. వెనక మొక్కజొన్న ట్రక్కులు వరసకట్టాయి. ముగ్గురు రైతులు దిగొచ్చి వేడుక చూస్తున్నారు.

"ఆ అంకె పైకి చదివావో ఓర్వల్, నీ సుత్తితోనే నీ పళ్లు రాలగొడతా" అంది నాడీన్.

ఆయన అంకెల మీద గుడ్డ కప్పి, తల లోపలికి దూర్చి చూసి, అరచేతిలో రాసుకుని పిడికిలి మూశాడు. నన్ను కూడా చూడనివ్వలేదు.

"మా ఆయన ఎలాంటివి అడిగాడు?" అంది నాడీన్.

"మెత్తటివి."

ఆవిడ నా మీద విరుచుకుపడింది. "ఏమయ్యా, ముప్పైయేళ్లు ఎండలో నిలబడింది నీ బండి కుప్పిగంతులు వేస్తుంటే చూడ్డానికా? నా కోసం ఓడిపోతావా? నేను అడిగానా?"

"నువ్వు పక్కన లేకుండా గెలిచి ఏం చేసుకోను!" అని నేనూ అరిచాను. వెనక ట్రక్కులవాళ్లు హారన్లు కొట్టారు.

"నోళ్లు మూస్తారా ఇద్దరూ!" అన్నాడు ఓర్వల్. "కమానులో ఇరుసుకు ముందున్న సగం బండిని తోస్తుంది. దాన్ని క్లాంపులేసి బిగించేస్తా. వెనక సగం మనుషుల్ని మోస్తుంది. దాన్ని పల్చగా, వదులుగా ఉంచుతా. ముందు సగం వీడిది, వెనక సగం నీది. ఇక దిగండి, జనం తిడుతున్నారు."

పది రోజులకు రెండు కమాను కట్టలు పంపాడు. ఒకదాని మీద సుద్దతో 'కుడి' అనీ, రెండోదాని మీద 'ఎడమ' అనీ రాసి ఉంది. నేను వెనకవైపు నుంచి బండి కిందికి వెల్లకిలా దూరి బిగించేశాను. జాకీ దించి చూస్తే ఏముంది, డ్రైవరు వైపు రెండు వేళ్లంత పైకి లేచి బండి వంకరగా నిలబడింది. ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేసి, "కళ్లు పోయాయా ముసలాడా, కమాన్లు కట్టావా, కట్టెలు కట్టావా?" అని నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఫోను నాడీన్‌కివ్వు" అన్నాడు తాపీగా.

ఆవిడ విని, నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. "వెర్లిన్, ఆ బండి వెనక మళ్లీ వెల్లకిలా పడుకో. ఇప్పుడు నీ కుడి చెయ్యి పక్కకి చాపు."

చాపాను. అది డ్రైవరు వైపు, అంటే మా అమెరికా కార్లలో ఎడమవైపు, చూపిస్తోంది. బండికి కుడి అంటే సీట్లో కూర్చున్నవాడి కుడి. నలభై ఏళ్లు స్కూలు బస్సులు బాగుచేసిన నాకు ఆ ముక్క తెలియదా! తొందరలో బుర్ర గడ్డి తింది.

విప్పి, మార్చి బిగించాను. ఈసారి నాడీన్ వైపు లేచింది. గీత మీద నుంచి బండి ఉరికేటప్పుడు కుడి టైరు పట్టు వదిలేస్తుంది కాబట్టి అటు ఒక పట్టీ ఎక్కువ వేస్తారు. కానీ ఇంత ఎత్తెందుకో అర్థం కాలేదు. నాడీన్ తలుపు తీసి మెల్లగా కూర్చుంది. బండి మెత్తగా దిగి సమంగా నిలబడింది.

అప్పుడు తెలిసింది ఆ పిడికిట్లో అంకె ఎందుకో. దారిలో ఆవిడ బరువుకు బండి సమంగా ఉంటుంది, పందెం దగ్గర ఆవిడ దిగితే కుడివైపు తనంతట తనే లేచి సిద్ధమవుతుంది. ఆ ముసలాయన మా ఇద్దరిలో ఎవరి మాటా తీసెయ్యలేదు. మళ్లీ ఫోన్ చేశాను.

"నీ మేలు మర్చిపోనన్నా" అన్నాను మెల్లగా.

"ఇందాక తిట్టినంత గట్టిగా చెప్పు, వినపళ్లేదు" అన్నాడు.

శనివారం నాడీన్ వచ్చింది. దారిలో ఒక్కసారే ఆపమంది, అదీ కాఫీకి. గీత వెనక నిలబడి నా మొదటి పరుగు చూసి, "రెండు టైర్లూ సమంగా కరిచాయి, గీసినట్టు పోయావు" అంది. ఆ మాట వినక రెండేళ్లయింది. రెండో పరుగులో దీపం పచ్చగా మారినా నేను ఆవిడ వైపే చూస్తూ ఉండిపోయి ఓడాను. "బండి బాగానే ఉంది, తోలేవాడికే మార్చాలి పట్టీలు" అంది.

ఇంకా పొద్దుండగానే ఇంటిదారి పట్టాం. పది మైళ్లయ్యాక ఏదో అడిగితే పలకలేదు. తిరిగి చూస్తే తల అద్దానికి ఆనించి నిద్రపోతోంది. ఆపరేషన్ అయిన నాటి నుంచి మాత్ర లేకుండా కన్ను మూతపడని మనిషి. మా ఇంటి మలుపు వచ్చింది. తిప్పలేదు. ఊరి చుట్టూ, కోసేసిన చేల పక్క నుంచి, ఉన్న గతుకులన్నిటి మీద నుంచీ పోనిచ్చాను. ఆవిడ లేవలేదు. రెండో చుట్టులో ఓర్వల్ షాపు ముందుకొస్తే, ఆయన తలుపు మూస్తున్నాడు. నేను నెమ్మది చేసి, వేలితో పక్క సీటు చూపించాను. ఆయన వంగి చూశాడు. ఆపకు, పో పో, ఇంకో చుట్టు వెయ్యి అన్నట్టు చెయ్యి ఊపాడు.

వేశాను.