నాచు ఆగిన చోటు

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. మా తమ్ముడు సొలొమోనుకి ఇరవై రెండు. జగ్గయ్యపేట దగ్గర క్వారీలో ఇద్దరం రాయి కొట్టేవాళ్ళం. యాభై ఎనిమిదిలో ఆ పని ఆగిపోయింది. భీమిలి వైపు సముద్రం పక్కన రోడ్డు వేస్తున్నారు, మనుషులు కావాలని ఒక మేస్త్రి వచ్చి చెబితే వెళ్ళాం. తమ్ముడి భార్య ఆదెమ్మ కూడా వచ్చింది. ఆమెకప్పుడు ఆరో నెల.

సముద్రం చూడటం అదే మొదలు. మాకు తెలిసిన నీళ్ళు మా మునేరు ఏటివే. ఎండాకాలం మునేరు తగ్గిందంటే, పైన ఎక్కడో వాన పడేదాకా మళ్ళీ పెరగదు. నీళ్ళంటే ఎక్కడైనా అంతే అనుకున్నాం.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆదెమ్మ ఎండ్రకాయల పులుసు తినాలని ఉందంది. గునపం, సుత్తి తీసుకుని బయలుదేరాం.

“ఎండ్రకాయలకు సుత్తెందుకు బావగారూ? కొట్టి కంకర చేస్తారా?” అని నవ్వింది.

“నీ మొగుడికి చేత్తో పట్టటం రాదు గదమ్మా” అన్నాను.

“నే పట్టింది వండినాక నీకు కాలు ముక్క గూడా పెట్టను, చూడు” అన్నాడు వాడు.

నీళ్ళు బాగా లోపలికి పోయి ఉన్నాయి. రాళ్ళన్నీ బయటపడ్డాయి. రాళ్ళ నిండా జానెడు పొడుగు నాచు, కొంత పచ్చగా, కొంత బెల్లం రంగులో. తడి జుట్టులా పరుచుకుని ఉంది. గుప్పెడు నాచు పక్కకు తీస్తే కింద గుంటలో రొయ్యలు. గాజులా ఉన్నాయి, కళ్ళు తప్ప ఒళ్ళు కనపడదు. ఎండ్రకాయలు కూడా నాచు రంగే. కదిలితేగాని తెలియదు. కదిలిందంటే అడ్డంగా పరుగెత్తి సందులో దూరుతుంది.

అక్కడ ఒక ముసలమ్మ రాళ్ళకు అంటుకున్న గుల్లలు ఏరుతోంది. మమ్మల్ని చూసి, “పోటొచ్చేస్తాది బాబూ, ఎల్లిపోండి” అంది.

“ఆకాశాన మబ్బే లేదు గదే అవ్వా, నీళ్ళెక్కణ్ణుంచి వస్తయ్?” అన్నాడు సొలొమోను.

“ఏ ఊరు బాబూ మీది?” అని నవ్వి, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

అరచెయ్యంత ఎండ్రకాయ ఒకటి పెద్ద బండ కిందికి దూరింది. తమ్ముడు బోర్లా పడుకుని మోచెయ్యి దాకా చెయ్యి పెట్టాడు. అందలేదు.

“అన్నా, కాస్త లేపు.”

మా క్వారీలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గునపం పెట్టి ఎత్తితే పలకలా లేస్తుంది, వదిలితే ఉన్నచోటే కూర్చుంటుంది. అదే అలవాటున ఎత్తాను. ఆ బండకు పొర లేదు. గుండ్రంగా తిరిగి పక్కకు జారింది. వాడి కుడి చెయ్యి లోపలే ఉండిపోయింది.

మొదట ఇద్దరం నవ్వాం. తర్వాత గునపంతో నాలుగు వైపులా ఎత్తి చూశాను. కదల్లేదు. సుత్తితో కొట్టాను. నిప్పులు రాలాయిగాని పెచ్చు లేవలేదు. అంతలో నా మడమలకు నీళ్ళు తగిలాయి.

“అన్నా, ఇవెక్కడి నీళ్ళు?”

నేను కొడుతూనే ఉన్నాను. వాడు లేచి కూర్చోగలిగాడుగాని నిలబడలేడు. నీళ్ళు వాడి నడుము దాకా వచ్చాయి. తర్వాత రొమ్ము దాకా. కేక వేస్తే పలికేవాళ్ళు లేరు. మా గుడిసెలు మైలు దూరం.

“మనుషుల్ని తీసుకొస్తా.”

“పోబాక అన్నా. నువ్వొచ్చేలోపు మునిగిపోతా.”

ఒక కెరటం వాడి మొహం మీదుగా పోయింది. దగ్గుతున్నాడు. నేను గునపం మొన ఆ సందులో పెట్టి, వాడి చేతి ఎముకల మీద ఆనించాను. వాడికి అర్థమైంది.

“వద్దన్నా. చెయ్యి లేకపోతే రాయెట్టా కొట్టాలి? ఆదెమ్మకేం పెట్టాలి?”

“కళ్ళు మూసుకో.”

“అన్నా, ఇంకొంచెం చూడరాదా!”

చూడలేదు. గునపం మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టాను. మూడో దెబ్బకు చెయ్యి నలిగి బయటికి వచ్చింది. వాణ్ణి భుజాన వేసుకుని ఒడ్డుకు ఎక్కాను.

మర్నాడు తమ్ముణ్ణి ఆస్పత్రిలో ఉంచి, పనిముట్ల కోసం అక్కడికి వెళ్ళాను. మళ్ళీ నీళ్ళు పోయి ఉన్నాయి. ముసలమ్మ గుల్లలు ఏరుతోంది. జరిగింది చెప్పాను. ఆమె వచ్చి బండ చూసింది.

“నీ తమ్ముడు ఎక్కడ కూకున్నాడు?”

కూర్చుని చూపించాను. పక్కనున్న రాతి మీద నాచు ఎక్కడిదాకా ఉందో వేలితో గీసింది. అక్కడినుంచి పైన రాయి తెల్లగా, పొడిగా ఉంది. ఆ గీత నా మెడ ఎముక దగ్గరికి వచ్చింది.

“నీళ్ళు తగిలినకాడే నాచు బతుకుతాది బాబూ. ఇది ఆగినకాడే పోటూ ఆగుతాది. నిన్న మరీ సిన్న పోటు, ఇంత కూడా రానేదు.”

“మరి కెరటం మొహం మీదుగా పోయింది గదా?”

“ఉప్పునీళ్ళు తాగేవోడు. సచ్చేవోడు కాదు. దిగిందాకా ఓర్సుకుంటే మావోళ్ళు పదిమందొచ్చి రాయి దొర్లించేవోళ్ళు.”

జగ్గయ్యపేట తిరిగొచ్చేశాం. వాడి చెయ్యి అతికిందిగాని ముద్ద కూడా పట్టుకోలేదు. పిల్ల పుట్టిన మూడో నెలకే ఆదెమ్మ కంకర కొట్టే పనికి వచ్చింది. ప్రార్థనలో సాక్ష్యం చెప్పమంటే సొలొమోను ప్రతిసారీ ఇదే చెప్పేవాడు.

“ఆ రోజు మా అన్న గుండె రాయి చేసుకోకపోతే ఈపాటికి నన్ను చేపలు తినేవి.”

అందరూ ఆమేన్ అనేవాళ్ళు. నేనూ అనేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కంకర కుప్ప దగ్గర ఆదెమ్మ బొబ్బలెక్కిన చేతులు చూసుకుంటూ అడిగింది.

“బావగారూ, నిజంగానే నీళ్ళు మునిగేదాకా వచ్చినయ్యా?”

“ముక్కు దాటినయ్యమ్మా” అన్నాను.

తల ఊపింది. చనిపోయేదాకా మళ్ళీ ఆ మాట అడగలేదు.