నలభై అక్షరాలు

వాష్‌బేసిన్‌కి అంటుకున్న మా ఆయన గడ్డం వెంట్రుకలు వేళ్లతో ఏరుతూ, ఆఫీసు సంగతి ఒకటి చెబుదామని నోరు తెరిచాను. "రెండు ముక్కల్లో చెప్పు, టైమ్ లేదు" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా. ఆయన వెంట్రుకలు ఏరడానికి మాత్రం నాకు బోలెడు టైమ్ ఉందన్నమాట. "మగాడు విసుక్కోకముందే ఆపెయ్యడం నేర్చుకోవాలమ్మా" అని పక్క గదిలోంచి అత్తగారు అందుకున్నారు. పదకొండేళ్లుగా ఆ రెండు ముక్కలేవో వెతుక్కుంటూనే నా నోరు మూతపడింది. ఏరిన వెంట్రుకలు పారేసి చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. వీళ్ల మాటలు మాత్రం కడిగినా పోవు.

ఆఫీసులో నా పని కొలవడం. మా సెక్షన్ దాటి ఎన్నడూ బయటికి పోని పాత పట్టికలోని సిబ్బంది వివరాలన్నీ పైఆఫీసు వాళ్లు చూసే కొత్త పట్టికలోకి మార్చాలి. ఒక్కో కాలమ్‌లో అతి పొడవైన రాత ఎన్ని అక్షరాలుందో చూసి అంత చోటివ్వాలి. గుణింతాలూ ఒత్తులూ కూడా కంప్యూటర్ విడివిడిగానే లెక్కేస్తుంది. చోటు చాలకపోతే మిగతాది తెగిపోతుంది. శుక్రవారం పాతది చెరిపేస్తారు. పేరుకి అరవై, హోదాకి ముప్పై ఇచ్చుకుంటూ వచ్చి, సిబ్బంది ఎవరికి వారు రాసుకునే 'ఫిర్యాదు' దగ్గర ఆగిపోయాను. అతి పొడవైనది 1,148.

"అంతెందుకండీ, సగటు తీసుకోండి" అన్నాడు సెక్షన్ సారు, నా కుర్చీ మీద చెయ్యి వేసి. ఆయన వేళ్లు ఎప్పటిలాగే నా భుజానికి తగులుతున్నాయి. సగటు ఇరవై ఆరు. ఎందుకుండదు, ఆడవాళ్లందరం 'ఏమీ లేదు' అని రాసి ఊరుకుంటే? "నలభై పెట్టెయ్యండి, ధారాళంగా సరిపోతుంది" అని తన గదిలోకి వెళ్లిపోయాడు.

నలభై పెట్టి చూశాను. ఆ పొడవాటి రాత, నాకు ముందు ఇదే సీట్లో పనిచేసి మానేసిన ఆవిడది. తెగ్గా మిగిలింది ఇది: "సార్ ఎప్పుడూ మర్యాదగానే ప్రవర్తిస్తారు న".

మళ్లీ పాత పట్టికలోకి వెళ్లి పూర్తిది తెరిచాను. "నలుగురిలో ఉన్నప్పుడు. తలుపు వేశాక..." అక్కడి నుంచి ఆవిడ ఏదీ దాచుకోలేదు. కుర్చీ మీద చెయ్యి, భుజం మీద వేళ్లు, ఫైలు వంకతో గదిలోకి పిలవడం, 'ఇంట్లో చెప్పకండి' అనడం, తేదీలతో సహా రాసింది. ఛీ, అన్నీ నాకు తెలిసినవే. నా వరస వెతికాను. మూడేళ్ల కిందట రాశాను, 'ఏమీ లేదు' అని. ఎనిమిది అక్షరాలు. ఆవిడ నోరు నొక్కే ఆ సగటులో నా చెయ్యీ ఉంది. ఆయన మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీదా అంతే వేసింది.

"అయిందా?" అని గదిలోంచి కేకేశాడు.

"నలభై సరిపోదు సార్."

"అంతంత ఎవరు చదువుతారండీ?"

"నేను చదివాను" అన్నాను.

ఆ కాలమ్‌కి నాలుగు వేల అక్షరాల చోటిచ్చాను. నా వరసలో ఉన్న ఎనిమిదక్షరాలూ చెరిపేసి రాయడం మొదలుపెట్టాను. భోజనాల వేళ దాటాక మళ్లీ కొలిచాను. అతి పొడవైనది ఇప్పుడు ఆవిడది కాదు.