నోరు జారిన ఇంటర్వ్యూ

ఆ విలేఖరి నోటికి తాళం లేదు. టీవీలో ఆమె ముందు కూర్చున్న ఏ నాయకుడికైనా ముచ్చెమటలు పట్టాల్సిందే. అలాంటి పిల్ల పోయి పోయి ఓ శాసనసభ్యుణ్ణే ప్రేమించింది. ఖర్మ కాకపోతే ఏమిటి చెప్పండి!

ఆ సంగతి వాళ్ళిద్దరికీ, ఆమె తల్లికీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. తమకు కావలసినవాళ్ళను ఎవరూ ఇంటర్వ్యూ చేయకూడదని చానల్లో గట్టి నియమం. మొదట్లోనే చెప్పేస్తే గొడవే ఉండేది కాదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నాన్చి, ఇప్పుడు చెబితే ఉద్యోగం ఊడుతుందని భయపడి చచ్చేది. ఎవరికీ అనుమానం రాకుండా అతను స్టూడియోకి వచ్చినప్పుడల్లా మరీ చీల్చి చెండాడేది. ఇంటికెళ్ళి ఫోన్లో బతిమాలుకునేది. పాపం, అతనూ కిక్కురుమనకుండా పడేవాడు.

ఆ రోజు నది మీద కడుతున్న వంతెన గురించి లైవ్. దీపాల వేడికి అతని నుదుటి మీద పౌడరు కరిగిపోతోంది. వంతెన ఎప్పటికి పూర్తవుతుందని ఆమె అడిగింది. ఈ ఏడాది చివరికల్లా తప్పక పూర్తవుతుందని అతను నవ్వుతూ సెలవిచ్చాడు. అంతే, ఆమెకు ఒళ్ళు మండింది. ఎదుటివాడు మొన్నొక మాట, ఇవాళొక మాట అంటే పట్టుకోకుండా ఉండలేని జబ్బు ఆమెది.

"అదేంటి, ఆదివారం మా ఇంట్లో టీ తాగుతూ, వచ్చే ఏడాదికైనా డౌటే అన్నావుగా?"

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. చెవిలో ఎప్పుడూ గోల పెట్టే ప్రొడ్యూసర్ గొంతు కూడా మూగబోయింది. ఉద్యోగం పోయినట్టే, ఈ మనిషీ పోయినట్టే అనుకుంది.

అతను గ్లాసెడు నీళ్ళూ గటగటా తాగేశాడు.

"అన్నానండి. అదే నిజం. స్తంభాల పని సగం కూడా కాలేదు. ఇందాక చెప్పింది తప్పు."

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఇంటికి ఎందుకు వెళ్ళాడో జనం ఏదేదో ఊహించుకోకూడదని, ఈవిణ్ణి తనకిచ్చి చేయమని వాళ్ళమ్మగారిని అడగడానికే వెళ్ళానని కూడా చెప్పేశాడు. కెమెరా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

కార్యక్రమం అయిపోగానే ఆమె తిన్నగా ఎడిటరు గదికి వెళ్ళి, రాజీనామా ఇస్తానంది. ఎడిటరు పెద్దావిడ. దాచినందుకు వాయించి వదిలిపెట్టింది, కొన్నాళ్ళు తెర మీదికి రావద్దంది. అన్నీ అయ్యాక గొంతు కాస్త మెత్తబడింది.

"అతన్ని తిట్టినట్టు ఇంకెవర్నీ తిట్టలేదు కదే నువ్వు. అప్పుడే అనుమానం వచ్చింది నాకు, నువ్వే వచ్చి చెప్తావని చూశా. ఉద్యోగం ఎక్కడికీ పోదు. తెర మీద అతని జోలికి మాత్రం వెళ్ళకు. అతన్ని ప్రశ్నలు అడగడానికి వేరేవాళ్ళున్నారు."

ఆమెకు గుండెల మీంచి బండ దించినట్టయింది. బయట నడవాలో, పార్టీ పెద్దలు ఫోను మీద ఫోను చేస్తుంటే ఎత్తకుండా కూర్చున్నాడు అతను. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"నిన్నిక తిట్టొద్దన్నారు," అంది ఆమె.

అతను అమ్మయ్య అని మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. అంతలోనే ఏదో అనుమానం వచ్చినట్టు తలెత్తాడు.

"టీవీలోనేనా, ఇంట్లో కూడానా?"

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నడవాలో చానల్ వాళ్ళంతా చూస్తుండగానే వెళ్ళి అతని పక్కన కూర్చుంది.