ఊకె ఇడిసిన తుకుడ

గంగాళం దించేటప్పుడే మల్ల జారింది.

లీలాబాయి రెండు చేతులకు పాతగుడ్డలు చుట్టుకొని, మోకాళ్లు జర వంచి, పండ్లు బిగవట్టి, అత్త తానానికి కాగిన నీళ్ల గంగాళాన్ని పొయ్యిమీదికెల్లి ఎత్తిందో లేదో, పొత్తికడుపుల ఏదో తెగి కిందికి దిగినట్టయింది. గంగాళాన్ని ఎట్లనో బండమీద పెట్టి, గోడ పట్టుకొని, కాళ్లు దగ్గరికి ఒత్తుకొని నిలవడ్డది. గట్ల కొద్దిసేపు కదలకుంట నిలవడితె అది మెల్లగ లోపలికి పోతది. ఏడాది సంది గిదే తంతు. బోరింగు కొట్టేటప్పుడు, పిండి రుబ్బేటప్పుడు, ఆఖరికి గట్టిగ దగ్గు వచ్చినా భయమే.

"లీలా! నీళ్లు ఇంక కాగలేదా ఏంది?" అని తానాల అర్రల నుంచి జానకీబాయి కేకేసింది.

"తెస్తున్న అత్తమ్మా!" గా మాట ఆమెను అడగకుంటనే ఆమె నోట్లకెల్లి వస్తది. పెండ్లయిన కాడికెల్లి అంతే.

పోయిన వారం మంచిర్యాలల లేడీ డాక్టరు చూసి సాఫ్‌గ చెప్పింది, గర్భసంచి కిందికి జారిందని. కాన్పయి పచ్చి ఆరకముందే బిందెలు మోసిన ఆడోళ్లకు గిట్లయితదట. "ముప్పై ఆరేండ్ల మనిషివి, అప్పుడే కోతలెందుకమ్మా నీకు? సంచి జారకుంట లోపల చిన్న రింగు పెడత. మూడు నెలలు బరువు ముట్టకు, మంచిగ పండుకో. చాన మందికి నిలుస్తది. నిలువకుంటె అప్పుడు చూద్దాం," అన్నది. బయట బెంచీమీద కూసున్న ప్రేమ్‌సాగర్‌రావును పిలిచి ఆయనకు గూడ గదే మాట చెప్పింది. పెండ్లాం రోగం గురించి అంతా విని ఆయన అడిగింది ఒక్కటే: "మూడు నెలలా?"

ఇంటికొచ్చినంక జానకీబాయి బుగ్గలు నొక్కుకున్నది. "మూడు నెలలు మంచమెక్కితె ఇల్లెవలు నడుపాలె? నేనా? మా కాలంల మాకు జారలేదా? గుడ్డ కట్టుకొని తిరిగినం, డాక్టర్లకు చూపెట్టుకున్నమా? పిల్లలా, అయిపోయిరి. ఇద్దరు హాస్టల్ల ఉండిరి. ఇంక దాంతోని ఏం పనే నీకు? తీసేపిస్తె పీడ పోతది." ప్రేమ్‌సాగర్‌రావు గూడ నిమ్మళంగ కూసోబెట్టి సమ్‌జాయించిండు. తీసేపిస్తె వారం పదిరోజులల్ల ఇంటికి పంపుతరట, నెల తిరిగేసరికి మునుపటి లెక్క తిరగొచ్చట. "నీ మంచికే చెప్తున్న లీలా. మల్ల మల్ల నొప్పి ఉండదు." నెల తిరిగినంక కొండగట్టు పోయి మొక్కు గూడ తీర్చుకొని రావచ్చని అత్త అందుకున్నది. ఆ లేడీ డాక్టరు తియ్యనంటె, తీసేటి దవాఖాన కరీంనగర్ల ఉన్నదని ఎవరో చెప్పిండ్రు. గురువారం ఖాయం చేసిండ్రు. లీలాబాయి తల ఊపింది.

తల ఊపింది గని, గప్పటి సంది మనసు గాయిగాయి అయితున్నది. ఎవ్వలు తప్పు మాట్లాడలేదాయె. ఎద్దు పుండు కాకికి ముద్దు అని తిట్టుకుందామంటె ఆయన కాకి లెక్క పొడిచే మనిషి గూడ కాదాయె. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి చేతిల పెడతడు. అత్త చెప్పినదాంట్ల గూడ అబద్ధం లేదు, నిజంగనే ఇంక పిల్లలు వద్దు. మరి నాకు ఏడుపెందుకొస్తున్నది? కోపం ఎవలమీద? పనికిరానిదాన్ని తీసేస్తరంటె నాకు ఎక్కడ కాలుతున్నది? బియ్యం ఏరుకుంట గిదే ఆలోచన, ఇస్తిరి చేసుకుంట గిదే ఆలోచన. ఎక్కడనో తిరకాసు ఉన్నది, చేతికి దొరుకుతలేదు. కన్న అవ్వ దగ్గరుంటె అడుగుతుండె. మంథనికి జాబు రాద్దామని కూసుంటె ఏమని రాయాల్నో తెలువలే.

ప్రేమ్‌సాగర్‌రావుకు అడివే లోకం. తా మునిగింది గంగ అన్నట్టు, ఆసిఫాబాద్ అవతలి గీ టేకు అడివిని పట్టుకొని పద్నాలుగేండ్ల సంది రిసెర్చి రేంజరుగనే ఉన్నడు. బదిలీ వస్తె ఎవలెవల కాళ్లో పట్టుకొని ఆపుకుంటడు. ఈయన రాకముందే ఎవలో ఈ అడివిని ముక్కలు కోసినట్టు తుకుడలు తుకుడలు చేసి పెట్టిండ్రు. ఒక తుకుడల కొన్నేండ్లకోసారి చెట్లు కొట్టి పలచగ చేస్తరు. ఒకదాంట్ల పసులను మేపుతరు. ఇంకోదానికి ఎండకాలం నిప్పు పెడుతరు. ఏం చేస్తె అడివి ఎట్ల మారుతదో ఏండ్లకేండ్లు కొలుస్తనే ఉంటరు. వాగొడ్డుకున్న ఆఖరి తుకుడను మాత్రం ఏం చెయ్యరు. చుట్టూ ముండ్లతీగ కొట్టి ఇడిసిపెట్టిండ్రు. చెట్టు పడితె పడ్డట్టు, ఆకు రాలితె రాలినట్టు. ఏం చెయ్యని జాగ ఒకటి ఉంటెనే, చేసిన కాడ ఏమైందో తెలుస్తదట. కాగితాలల్ల దానికి ఏదో ఇంగ్లీషు పేరున్నది గని, అడివి కాసే వాచర్లంత దాన్ని ఊకె ఇడిసిన తుకుడ అంటరు.

కాపురానికొచ్చిన కొత్తల లీలాబాయికి గిదంత ఏం తెలుసు? వానకాలం, పొయ్యి అంటుకుంటలేదు, కండ్లల్ల పొగ. తీగ కింది నుంచి దూరి, ఎండుపుల్లలు మోపు కట్టుకొని తెచ్చింది, మొగడు శభాష్ అంటడనుకొని. ప్రేమ్‌సాగర్‌రావు మోపును చూసి నెత్తి పట్టుకున్నడు. "ఏ తుకుడలకెల్లి తెచ్చినవ్? అయ్యో, కొంప ముంచినవ్ గదనే! పో, ఎక్కడియి అక్కడ పెట్టిరా!" అప్పుడామెకు ఏడో నెల. మల్ల తీగ కింద దూరి, ఏ పుల్ల ఎక్కడిదో గుర్తు రాక, తోచినకాడల్లా పరిచి వచ్చి, "పెట్టిన" అన్నది. ఆయన లెక్కలల్ల ఆ మోపెడు పుల్లల తప్పు ఇయ్యాల్టికి గూడ ఉన్నది. ఎప్పుడన్న తలుసుకుంటె ఆమెకు లోపల్లోపల నవ్వొస్తది.

ఆపరేషన్ గురువారమాయె, బుధవారం హైదరాబాదు నుంచి పెద్దసార్లిద్దరు జీపుల దిగిండ్రు. అడివి చూస్తరు, అన్నం తింటరు. "ఇయ్యాల్టికి కానియ్యి లీలా. రేపటి సంది నీకు రెస్టే గదా!" అన్నడు ప్రేమ్‌సాగర్‌రావు నవ్వుకుంట. ఆమె గూడ నవ్వింది. నవ్వి, కోడికూర వండి, జొన్నరొట్టెలు చేసి, పచ్చిపులుసు కలిపి, మజ్జిగ చిలికింది. వాచరు సారయ్య పెండ్లాం రాజక్క కూర దేగిశలు మోస్తుంటె, తను మజ్జిగ సర్వ చంకన పెట్టుకొని వాగొడ్డు దాక నడిచింది. మధ్యల ఒకసారి ఆగి, కాళ్లు దగ్గరికి ఒత్తుకొని నిలవడవలసి వచ్చింది. సార్లు చూస్తరేమోనని చెట్లు చూస్తున్నట్టు పైకి చూసింది.

ముండ్లతీగ పక్కన చాపలేసుకొని అందరు తింటున్నరు. పెద్దసారు బొక్క చీకుకుంట తీగ లోపలికి చూసి, "ఇందులో ఏముందండీ రావుగారూ? సగం చెట్లు తొర్రలు పడ్డాయి. సగం పడిపోయి ఉన్నాయి. వాటి పని అయిపోయింది. ఇంకా వీటితో ఏం పని? తీసేసి నర్సరీ పెడదాం," అన్నడు.

లీలాబాయి గిలాసల మజ్జిగ పోస్తున్నది. పోసే చెయ్యి ఆగింది.

ప్రేమ్‌సాగర్‌రావు పెద్దసార్ల ముంగట ఎన్నడు గొంతు లేపే మనిషి కాదు. గసొంటిది ముద్ద పల్లెంల పెట్టేసిండు. "సార్, ఏం పని అంటె నాకు తెలువది. నాకే కాదు, ఎవలకు తెలువది. తెలువది కాబట్టే ఇడిసిపెట్టినం. పడ్డ చెట్టుకు గూడ ఏదో పనుంటది సార్, మన కంటికి ఆనది. పనికిరాదని ఇయ్యాల తీసేస్తిమి, రేపు తెలిసిందనుకోండి, మల్ల తెచ్చి పెడుతమా? పాణం పోయినా నేను ముట్టనియ్య సార్."

సార్లిద్దరు మొకాలు చూసుకున్నరు. "సరే సరే, మీరింత చెప్తుంటే ఉండనివ్వండి," అన్నడు పెద్దసారు. ప్రేమ్‌సాగర్‌రావు కండ్లల్ల నీళ్లు. పద్నాలుగేండ్ల కాపురంల ఆ మనిషి కండ్లల్ల నీళ్లు లీలాబాయి చూసుడు గదే మొదలు. మంచి మాట అన్నడు గదా, ఎంత మంచి మాట! గని ఆ మాట ఎవల గురించి అన్నడు? నేను సరిగ్గనే విన్ననా? మొన్న ఇంట్ల కూసోబెట్టి చెప్పిన మనిషి, ఇక్కడ ముద్ద పక్కన పెట్టిన మనిషి ఒక్కడేనా?

"మజ్జిగ పొయ్యవే, చూస్తవేంది?" అన్నడు ఆయన.

పోసింది.

జీపు పక్క తుకుడల దిక్కు పోయినంక, గిన్నెలు సర్దుకుంట రాజక్క మెల్లగ అడిగింది. "రేపేనా అమ్మా?"

"రేపే. నీకు గూడ అయింది గదా రాజక్కా. ఎట్లుంటది?"

రాజక్క పల్లెం తోముడు ఆపింది. "ఎట్లుంటదంటె ఏం చెప్పుదు అమ్మా! నొప్పులు పోయినయి, అది నిజమే. నడుము మాత్రం అప్పటిసంది నాది కాదు. ఒక్క సంగతి. తీసినంక బేసన్ల పెట్టి మా ఆయనకు చూపిచ్చిండ్రట. మా అత్త గూడ చూసిందట. నాదే గని నేను చూడలేదమ్మా. ఎట్లుండెనని అడిగితె, ఏముంటది, గింతంత మాంసం ముద్ద అన్నడు." గంతే చెప్పి మల్ల బూడిదతోని పల్లెం రుద్దింది.

లీలాబాయి లేసింది. ఎందుకు లేసిందో తెలువది. తీగను పైకెత్తి, వంగి, పద్నాలుగేండ్ల తర్వాత మల్ల లోపలికి దూరింది.

లోపల చల్లగున్నది. ఎన్నడో గాలివానకు పడ్డ పెద్ద టేకుచెట్టు అడ్డం పడి ఉన్నది. దానిమీద కుక్కగొడుగులు, సందుల చీమలు, పక్కపొంటి ఏవో మొలకలు. ఆమె ఆ మొద్దుమీద కూసున్నది. కూసుంటె చేతులు ఊకె ఉంటలేవు. కొంగు సర్దినయి, జుట్టు సర్దినయి, పక్కనున్న ఎండుపుల్లను తీసి విరువబోయినయి. అబ్బా, ఏ పని చెయ్యకుంట కూసునుడు గూడ నాకు రాదా! ఆ పుల్లను ఎక్కడిది అక్కడ పెట్టింది. చెట్టుకైతె అడ్డం నిలవడ్డడు. నాకు గూడ నిలవడాల్నని ఆయనకెందుకు తట్టలేదు? తట్టలేదా, తట్టినా మూడు నెలల వంటెవలు చెయ్యాల్నని ఊకున్నడా? లేకుంటె నేనే తల ఊపితినా? ఊపితిని గదా. నా తల నేనే ఊపితిని. మరి అసలు అది ఏం పని చేస్తదో నాకు తెలుసునా? పిల్లల్ని మోసింది, అదైతె తెలుసు. ఇంకేం చేస్తదో లేడీ డాక్టరును అడుగకపోతిని. నాలోపల ఉన్నదాని గురించి అత్తమ్మకు తెలుసు, ఆయనకు తెలుసు, కరీంనగర్ల మొకం తెలువని డాక్టరుకు తెలుసు. నాకొక్కదానికే తెలువది. ఎంత తండ్లాడినా గింతకంటె ముందుకు పోతలేదు ఆలోచన. తిరకాసు దొరికినట్టే ఉన్నది, మల్ల జారిపోతున్నది.

రాజక్క పిలిస్తె లేసి వచ్చింది. ఇంటికి పోయి సాయంత్రం వంట చేసింది. ప్రేమ్‌సాగర్‌రావు సంబురం పట్టలేక, తుకుడ దక్కిందని జానకీబాయికి రెండుసార్లు చెప్పిండు. "రేపు ఏడు గంటల బస్సు, యాదున్నదా?" అన్నడు. యాదున్నదన్నది.

పొద్దుగాల్ల లేసింది. పొయ్యి అంటించింది, గంగాళం నిండ నీళ్లు పోసి పెట్టింది. చేతులకు గుడ్డలు చుట్టుకునే యాళ్లకు ఏమైందో, ఆ గుడ్డలను పొయ్యిగట్టుమీద పెట్టి, ముందటర్రలకు పోయి నులకమంచంమీద ఒరిగింది.

"లీలా! నీళ్లు!" అని జానకీబాయి. ఈసారి నోరు ఆమెను అడిగింది, ఆమె వద్దన్నది.

అంగీ గుండీలు పెట్టుకుంట ప్రేమ్‌సాగర్‌రావు వచ్చిండు. "ఏమైందే? పాణం బాగలేదా? తయారు గాకపోతివి, బస్సు పోతది."

"బస్సుకు నేను రాను."

"రాకుంటె?"

"మంచిర్యాలకు పోత. రింగు పెట్టిపిచ్చుకుంట. ఇయ్యాల్టి సంది మూడు నెలలు పండుకుంట."

"ఊరంతది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!" అని జానకీబాయి తానాల అర్ర కాడికెల్లి కేకేసింది. "పిల్లలైపోయినంక దాంతోని ఏం పనే నీకు?"

లీలాబాయి అత్తకు చెప్పలే, మొగని మొకం చూసి చెప్పింది. "ఏం పనో నాకు తెలువది. తెలువది కాబట్టే ఇడిసిపెడుతున్న. తీసేసినంక తెలిస్తె మల్ల తెచ్చి పెడుతరా?"

ప్రేమ్‌సాగర్‌రావు నోరు తెరిచిండు. ఆ మాట ఎక్కడనో విన్నట్టున్నది. ఎక్కడ విన్నడో తెలిసినంక ఆయన గుండీలు పెట్టుకునుడు ఆపిండు.

"నీళ్లు మసులుతున్నయిరా! ఎవలన్న దించుతరా లేదా?" జానకీబాయి మల్ల కేకేసింది.

ఆయన వంటింట్లకు పోయిండు. లీలాబాయి కండ్లు మూసుకొని వింటున్నది. చెయ్యి కాలినట్టుంది, అబ్బా అన్నడు. గుడ్డలకోసం వెతికిండు. గంగాళం జర లేసింది, మల్ల పొయ్యిమీదనే ధన్‌మని కూసున్నది. నీళ్లు ఒలికి నిప్పులమీద సుయ్యిమన్నయి. లేసి పోవాల్నని ఆమె కాళ్లు రెండు మంచం కిందికి దిగినయి. వాటిని మల్ల పైకి పెట్టుకున్నది.

కొద్దిసేపటికి ఆయన గడప కాడికొచ్చి నిలవడ్డడు. అంగీ తడిసింది, రొప్పుతున్నడు. చేతులు చూసుకుంట, చాన చిన్న గొంతుతోని అడిగిండు.

"గిది... రోజు నువ్వే దించుతవా?"

లీలాబాయి గోడ దిక్కు ఒత్తిగిలి పండుకున్నది. ఆ మాటను తియ్యలే, పడ్డకాడనే ఇడిసిపెట్టింది.